రెండో మానిటర్ దేనికి తగిలించాలి? లినక్స్‌లో గ్రాఫిక్స్ కార్డుల పేచీ, ఎంపిక

చీమకుర్తిలో ఒక గ్రానైట్ కార్యాలయం. గెలాక్సీ పలకల కొలతలు ఒక మానిటర్‌లోనూ, కంటెయినర్ల కాగితాలు మరో మానిటర్‌లోనూ పెట్టుకుని పని చేసుకోవాలని అక్కడి గుమస్తా కోరిక. కంప్యూటర్‌లో ఉన్నది లినక్స్ మింట్, అంటే విండోస్ బదులు వాడే లినక్స్‌లో ఒక రకం. రెండో మానిటర్ కోసమని ఎవరో వాడి అమ్మిన ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు (తెర మీది బొమ్మను తయారుచేసే కార్డు) తెచ్చి బిగించారు. ఆ పూట నుంచి కొత్త మానిటర్ వెలగకపోగా, అంతకుముందు బాగా పని చేస్తున్న మానిటర్ కూడా నల్లబడింది. ఫోన్ చేసి ఆయన అడిగింది ఒకటే: "అన్నా, ఇంతకంటే మంచి కార్డు ఏది కొనమంటారు?"

నేను ఏ కార్డు పేరూ చెప్పలేదు. కంప్యూటర్ వెనక భాగం ఫోటో తీసి పంపమన్నాను. మదర్‌బోర్డు మీదే ఒక వీజీఏ సాకెట్, ఒక హెచ్‌డీఎంఐ సాకెట్ కనిపించాయి. కార్డు తీసేయించి, ఒక కేబుల్ వీజీఏకు, ఒకటి హెచ్‌డీఎంఐకి పెట్టించాను. కార్డు కోసం రాసి ఉన్న పాత అమరిక ఫైలును పక్కకు జరిపించాను. రెండు మానిటర్లూ వెలిగాయి. కార్డుకు పెట్టిన డబ్బు మాత్రం వృథా అయింది.

ఒంగోలు, కావలి, నెల్లూరు వైపు చిన్న కార్యాలయాలకూ తెలిసినవాళ్లకూ లినక్స్ కంప్యూటర్లు చూసిపెడుతుంటాను. ఇదే కథ రకరకాలుగా ఎదురవుతూ ఉంటుంది. అందుకే ఏ కార్డు మేలు అనే ప్రశ్నకన్నా ముందు, ఏ సాకెట్ ఏ చిప్పుకు చెందింది అన్న ప్రశ్నకు జవాబు దొరకాలని గట్టిగా నమ్ముతాను. నా సలహా మొత్తం ఈ మాట మీదే నిలబడుతుంది: వీలైనంత వరకు రెండు మానిటర్లనూ ఒకే గ్రాఫిక్స్ చిప్పుకు తగిలించండి. ఆ చిప్పు మదర్‌బోర్డులోదైనా సరే, కార్డులోదైనా సరే.

పేచీ ఎక్కడ పుడుతుంది

నేటి ప్రాసెసర్లలో చాలావాటికి గ్రాఫిక్స్ చిప్పు లోపలే ఉంటుంది. మదర్‌బోర్డు మీది వీజీఏ, హెచ్‌డీఎంఐ సాకెట్లు దానివే. విడిగా కార్డు బిగిస్తే రెండో చిప్పు వచ్చినట్లు. కార్డు మీది సాకెట్లు కార్డువి మాత్రమే. ఒక మానిటర్‌ను ఇక్కడ, ఇంకొకదాన్ని అక్కడ తగిలిస్తే, రెండు వేర్వేరు డ్రైవర్లు (చిప్పును నడిపే ప్రోగ్రాంలు) కలిసి ఒకే డెస్క్‌టాప్‌ను చూపించాలి. లినక్స్ సాధారణంగా ఒక చిప్పును ప్రధానమైనదిగా ఎంచుకుని బొమ్మంతా దాని మీదే గీయిస్తుంది. రెండో చిప్పు మీది మానిటర్‌కు ఆ బొమ్మను మళ్లీ మళ్లీ నకలు తీసి పంపుతుంది. సెకనుకు 60 సార్లు ఈ నకలు జరగాలి. రెండు చిప్పులూ ఒకే సంస్థవైతే, డ్రైవర్లు రెండూ కెర్నల్‌లోనివే, అంటే లినక్స్ గుండెకాయలోనివే అయితే ఇది తరచూ సాఫీగానే సాగుతుంది. ఒకటి ఇంటెల్, రెండోది లోపలి రాత బయటపెట్టని సొంత (మూసిన) డ్రైవర్‌తో నడిచే ఎన్విడియా అయినప్పుడు రెండో మానిటర్‌లో మౌస్ బాణం వెనకబడడం, వీడియో మధ్యలో చీలినట్లు కనిపించడం, కంప్యూటర్ నిద్ర లేచాక ఒక మానిటర్ చీకటిగానే ఉండిపోవడం మొదలవుతాయి.

ఇంకో చిక్కు ఉంది. కార్డు బిగించగానే చాలా మదర్‌బోర్డులు లోపలి చిప్పును తమంతట తామే ఆపేస్తాయి. గుమస్తా గారి పాత మానిటర్ నల్లబడింది ఇందుకే. బయోస్‌లో, అంటే కంప్యూటర్ వెలగగానే ముందు నడిచే మదర్‌బోర్డు సొంత ప్రోగ్రాంలో, దీనికి ఒక అమరిక ఉంటుంది. ఆసుస్ బోర్డుల్లో "ఐజీపీయూ మల్టీ-మానిటర్" అనీ, గిగాబైట్ బోర్డుల్లో "ఇంటర్నల్ గ్రాఫిక్స్" అనీ కనిపిస్తుంది. ఏ చిప్పు ముందు వెలగాలో చెప్పే అమరిక వేరుగా ఉంటుంది. రెండు చోట్లా మానిటర్లు పెట్టక తప్పనివాళ్లు మొదట చూడవలసింది అక్కడే. లినక్స్ దాకా పోవలసిన అవసరమే ఉండదు.

ఖర్చు పెట్టకముందు చేయవలసిన పరీక్షలు

ఈ భాగం మీద ఎక్కువ సమయం పెడతాను. నాకు తెలిసిన కేసుల్లో ఎక్కువ వాటికి కొత్త కార్డుతో పని పడలేదు.

మొదటిది, లినక్స్ వేసేటప్పుడు ఇచ్చిన ఒక తాత్కాలిక ఆదేశం. ఇన్‌స్టాల్ చేసే రోజు తెర నల్లబడితే, బూట్ వరుసలో (వెలిగేటప్పుడు కెర్నల్‌కు ఇచ్చే ఆదేశాల వరుసలో) "నోమోడ్‌సెట్" అనే మాట చేర్చమని అందరూ చెబుతారు. ఇంగ్లిషులో నో, మోడ్, సెట్ అనే మూడు ముక్కలు ఎడం లేకుండా కలిపి రాస్తారు. అది ఆ రోజు గట్టెక్కడానికి మాత్రమే. ఆ మాట ఉన్నంతసేపు అసలు గ్రాఫిక్స్ డ్రైవర్ పనిలోకి దిగదు. బయోస్ ఇచ్చిన సాదా తెర ఒకటే ఉంటుంది, దాని రిజల్యూషన్ మారదు, రెండో మానిటర్ ఉన్నట్లే కంప్యూటర్‌కు తెలియదు. నెలల తరబడి ఆ మాటను అలాగే వదిలేసి, కేబుళ్లు మార్చి, మానిటర్ మార్చి విసిగిపోయినవాళ్లను చూశాను. ప్రాక్ ఫోల్డర్‌లో సీఎండీలైన్ అనే ఫైలు తెరిస్తే ఆ మాట ఉందో లేదో తెలిసిపోతుంది. ఉంటే, ఎట్‌సీ లోపలి డిఫాల్ట్ ఫోల్డర్‌లో గ్రబ్ అనే ఫైలు నుంచి దాన్ని తీసేయాలి. తరువాత ఉబుంటు, మింట్, డెబియన్‌లలో అప్‌డేట్-గ్రబ్ ఆదేశం నడిపి కంప్యూటర్‌ను మళ్లీ వెలిగించాలి.

రెండోది, ఏ సాకెట్ ఎవరిదో తేల్చడం. ఫైల్ మేనేజర్‌లో సిస్ ఫోల్డర్, దానిలో క్లాస్, దానిలో డీఆర్‌ఎం తెరవండి. కార్డ్0, కార్డ్1 అని, వాటి పక్కనే హైఫన్ పెట్టి హెచ్‌డీఎంఐ, డీపీ (డిస్‌ప్లేపోర్ట్), వీజీఏ అని పేర్లు కనిపిస్తాయి. ఒక్కో పేరు ఒక్కో సాకెట్. ముందున్న కార్డు సంఖ్య ఆ సాకెట్ ఏ చిప్పుదో చెబుతుంది. లోపల స్టేటస్ అనే ఫైలులో "కనెక్టెడ్" అని ఉందంటే మానిటర్ అందినట్లు. కొత్త కెర్నళ్లలో సంఖ్య 0 బదులు 1తో మొదలైనా తప్పేమీ లేదు. పరీక్షలన్నిటిలో నాకు ఇష్టమైనది ఇదే. కంటితో చూసి నిర్ణయించుకోవచ్చు, ఊహించవలసిన పని ఉండదు. ల్యాప్‌టాప్ కొనబోయేవాళ్లు లైవ్ పెన్‌డ్రైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్‌ను నడిపే పెన్‌డ్రైవ్) పెట్టి దుకాణంలోనే చూసుకోవచ్చు.

మూడోది, ఏ డ్రైవర్ నడుస్తున్నదీ. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశానికి హైఫన్ కె చేర్చి నడిపితే, గ్రాఫిక్స్ చిప్పుల పేర్ల కింద వాడుకలో ఉన్న డ్రైవర్ పేరు వస్తుంది. ఇంటెల్‌కు ఐ915, చాలా కొత్తవాటికి ఎక్స్‌ఈ. ఏఎండీకి ఏఎండీజీపీయూ, పాతవాటికి రేడియన్. ఎన్విడియాకు నోవో లేదా ఎన్విడియా అని ఉండాలి. పేరే లేకపోతే డ్రైవర్ ఎక్కలేదు. అప్పుడు మానిటర్‌ను అనుమానించడం అనవసరం.

నాలుగోది కేబుల్. కొత్తపట్నం, మైపాడు వంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి వీజీఏ పిన్నులు తుప్పు పడతాయి. బొమ్మ వస్తుంది, కానీ మానిటర్ తన పేరూ రిజల్యూషనూ కంప్యూటర్‌కు చెప్పుకునే సన్న తీగ తెగి ఉంటుంది. వీజీఏలో 12, 15 పిన్నులు ఆ పనికే ఉన్నాయి. ఆ వార్త అందకపోతే లినక్స్ 1024×768 అనే పాత కొలతతో సరిపెట్టుకుంటుంది. అక్షరాలు సాగినట్లు, మసకగా ఉంటాయి. చూసినవాళ్లు డ్రైవర్ తప్పనుకుంటారు. పక్కవారి దగ్గర మంచి కేబుల్ ఒకటి అడిగి తెచ్చి చూడడం మేలు. వీజీఏ మానిటర్‌ను హెచ్‌డీఎంఐ సాకెట్‌కు కలపాలంటే, లోపల చిన్న చిప్పు ఉన్న కన్వర్టర్ కావాలి. ఊరికే తీగలు కలిపిన కేబుల్‌తో బొమ్మ రాదు, ఎందుకంటే ఒకటి డిజిటల్, రెండోది అనలాగ్.

ఇవన్నీ చూశాక కూడా రెండో మానిటర్‌కు దారి లేదని తేలితే, అప్పుడు కొనడం గురించి మాట్లాడుకుందాం.

మదర్‌బోర్డు మీదే రెండూ

రాతకోతలు, లెక్కలు, బ్రౌజర్, సీసీ కెమెరాల బొమ్మ, తెలుగు పుస్తకాల పేజీలు పేర్చడం, ఈ పనులకు నా మొదటి ఎంపిక ఇదే, రెండో ఆలోచన లేదు. ఇంటెల్ మూడో తరం ప్రాసెసర్ల నుంచి, అంటే 2012 నుంచి, లోపలి చిప్పు మూడు మానిటర్ల దాకా నడపగలదు. చవక బోర్డుల్లో రెండుకే పరిమితమైనా మనకు కావలసింది రెండే. డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది. కెర్నల్ మారినా డ్రైవర్ దానితోపాటే వస్తుంది. విడిగా దేన్నీ ఇన్‌స్టాల్ చేయనవసరం లేదు.

రొయ్యల మేత దుకాణం నడిపే ఒకాయన, వనామీ ధరల పట్టిక ఒక మానిటర్‌లోనూ, చెరువు గట్టు మీది కెమెరాలు రెండో మానిటర్‌లోనూ పగలంతా తెరిచి ఉంచుతారు. పాత ఇంటెల్ డబ్బా, వీజీఏ ఒకటి, హెచ్‌డీఎంఐ ఒకటి. వీడియోను విప్పే పని లోపలి చిప్పే చేస్తుంది కనుక ప్రాసెసర్‌కు భారం లేదు. ఆయనకు కార్డు అమ్మజూపినవాళ్లున్నారు, వద్దని చెప్పాను.

ఈ దారికి రెండు అడ్డంకులు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేదు. ఏఎండీ రైజెన్‌లో డెస్క్‌టాప్ 7000 వరుసకు ముందు వచ్చినవాటికి పేరులో జి లేకపోతే సాధారణంగా లేదు. బోర్డు మీద హెచ్‌డీఎంఐ సాకెట్ కనిపిస్తుంది కానీ దాని వెనక చిప్పు ఉండదు. ఇంత చిన్న అక్షరం చూసుకోక మోసపోయినవాళ్లు ఉన్నారు. రెండో అడ్డంకి రిజల్యూషన్. పాత బోర్డుల హెచ్‌డీఎంఐ 1.4 రకం, 4కె మానిటర్‌కు సెకనుకు 30 సార్లే బొమ్మ పంపగలదు, మౌస్ కదిపితే ఆ తేడా కంటికి తెలుస్తుంది. 4కె మానిటర్ ఉన్నవాళ్లు బోర్డు మీద డిస్‌ప్లేపోర్ట్ ఉందేమో చూసుకోవాలి.

ఏఎండీ కార్డు

లోపల చిప్పు లేనివాళ్లకు, లేదా 4కె మానిటర్లు రెండు నడపాలనుకునేవాళ్లకు నేను చెప్పే కార్డు ఇది. 2015లో ఏఎండీజీపీయూ డ్రైవర్ కెర్నల్‌లో చేరింది. 2018 ఆరంభంలో వచ్చిన 4.15 కెర్నల్‌తో మానిటర్లను నడిపే భాగం కొత్తగా రాసి చేర్చారు. అప్పటి నుంచి ఆర్ఎక్స్ వరుస కార్డులు బిగించి వెలిగిస్తే చాలు. ఆర్ఎక్స్ 550 గరిష్ఠంగా 50 వాట్లు, ఆర్ఎక్స్ 6400 గరిష్ఠంగా 53 వాట్లు తీసుకునేలా రూపొందాయి. రెండూ స్లాట్ ఇచ్చే 75 వాట్లలో సరిపోతాయి కనుక చిన్న ఎస్‌ఎమ్‌పీఎస్ (డబ్బా లోపల కరెంటు అందించే పెట్టె) ఉన్నవాళ్లకు అదనపు తీగతో పని లేదు. మన దగ్గర సాధారణంగా కనిపించే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది దాదాపు 360 వాట్లు. వేసవిలో కరెంటు పోయి వచ్చే ఊళ్లలో ఈ లెక్క వేసుకోవడం అవసరం. రెండు మానిటర్లకు, డబ్బాకు, కార్డుకు కలిపి చూడాలి.

కొనేటప్పుడు కార్డు మీది సాకెట్లు లెక్కపెట్టండి. ఆర్ఎక్స్ 6400 మీద సాధారణంగా ఒక హెచ్‌డీఎంఐ, ఒక డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే ఉంటాయి. రెండు మానిటర్లకు సరిగ్గా సరిపోతాయి, మూడోదానికి చోటు లేదు. 4కె తెరను సెకనుకు 120 సార్లు నడపాలనుకునేవాళ్లు డిస్‌ప్లేపోర్ట్ వాడండి. అంత వేగానికి కావలసిన హెచ్‌డీఎంఐ 2.1ను బహిరంగ డ్రైవర్‌లో (లోపలి రాత అందరికీ కనిపించే డ్రైవర్‌లో) పెట్టుకుంటామన్న ఏఎండీ ప్రతిపాదనను ఆ ప్రమాణం చూసే సంస్థ 2024లో ఒప్పుకోలేదు. 60 సార్లు చాలనుకుంటే ఈ గొడవ మీకు పట్టదు.

రెండు ఏఎండీ కార్డులు బిగించినా, ఏఎండీ లోపలి చిప్పుకు ఏఎండీ కార్డు తోడైనా, ఒకే డ్రైవర్ రెంటినీ చూసుకుంటుంది. చెరో చిప్పుకు చెరో మానిటర్ పెట్టక తప్పనివాళ్లకు అన్నిటికన్నా తక్కువ చిక్కు ఈ జంటతోనే.

ఇంటెల్ ఆర్క్ కార్డుల గురించి ఒక్క మాట: కెర్నల్ 6.2 కానీ అంతకన్నా కొత్తది కానీ ఉండాలి, మదర్‌బోర్డు కూడా కొత్తదై ఉండాలి. పాత డబ్బాలో పెట్టవద్దు.

ఎన్విడియా కార్డు

దుకాణాల్లో ఎక్కువగా దొరికేది, ఎక్కువ మందికి తెలిసినదీ ఇదే. కనుక విపులంగా రాయాలి. ఎన్విడియా కార్డు చెడ్డదని నేను అనను. ఏ తరం కార్డు కొంటున్నారో తెలుసుకోకుండా కొనడమే చేటు.

జీటీ 710 ఇప్పటికీ చవకగా చేతులు మారుతోంది. 19 వాట్ల కార్డు, ఫ్యాన్ లేని రకాలు కూడా ఉన్నాయి, చూడడానికి ముద్దుగా ఉంటుంది. కానీ అది కెప్లర్ తరం. ఎన్విడియా డ్రైవర్లలో 470 శాఖ (డ్రైవర్ వెర్షన్ల వరుస) దాకానే దానికి స్థానం ఉంది, ఆ శాఖకు మద్దతు 2024తో ముగిసింది. జీటీ 730 పేరుతో అమ్మేవాటిలో కొన్ని ఇంకా పాతవి, 390 శాఖవి. ఆ శాఖ 2022 చివరకే ఆగిపోయింది. కొత్త కెర్నల్ వచ్చినప్పుడు ఈ పాత డ్రైవర్లు దానికి ఇమడవు, ఉదయం అప్‌డేట్ చేస్తే సాయంత్రానికి నల్ల తెర. ఈ కార్డులు చేతిలో ఉన్నవాళ్లు నోవో అనే బహిరంగ డ్రైవర్‌తోనే వాడుకోవడం మంచిది. ఆటలకు పనికిరాదు కానీ రెండు మానిటర్లలో రాతపనికి సరిపోతుంది. కొత్తగా మాత్రం వీటిని కొనవద్దు.

జీటీ 1030, జీటీఎక్స్ 1050 వంటి పాస్కల్ తరం కార్డులకు, అంతకు ముందటి మాక్స్‌వెల్ కార్డులకు 580 చివరి శాఖ. ప్రస్తుతం నడుస్తాయి, కానీ దీర్ఘకాలం ఉంచుకునే కంప్యూటర్‌కు ఈ దారి వెతుక్కోవద్దు. పైగా వీటికి నోవో డ్రైవర్ చాలా నెమ్మది. ఎన్విడియా సంతకం చేసిన ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రాం) లేనిదే కార్డు తన పూర్తి వేగం అందుకోలేదు.

2018 నుంచి వచ్చిన ట్యూరింగ్ తరం, అంటే జీటీఎక్స్ 16, ఆర్‌టీఎక్స్ 20 వరుసలు, ఆ తరువాతివీ మేలు. 2022లో ఎన్విడియా తన కెర్నల్ భాగాన్ని బహిరంగంగా విడుదల చేసింది, అది పని చేసేది ఈ తరం నుంచే. త్రీడీ బొమ్మలు, వీడియో ఎడిటింగ్, కృత్రిమ మేధ లెక్కలు చేసేవాళ్లకు ఎన్విడియా కావలసి వస్తే ఇక్కడి నుంచి మొదలుపెట్టండి.

డ్రైవర్‌ను ఎలా వేస్తారన్నది కార్డు ఎంపికంత ముఖ్యం. సంస్థ వెబ్‌సైట్ నుంచి దించుకున్న ఫైలును నేరుగా నడపవద్దు. మీ లినక్స్ సొంత భండారంలో (సాఫ్ట్‌వేర్ దొరికే అధికారిక చోట) ఉన్న ప్యాకేజీనే వేయండి. అప్పుడు కెర్నల్ మారిన ప్రతిసారీ డ్రైవర్ కూడా దానికి తగ్గట్టు మళ్లీ తయారవుతుంది. సెక్యూర్ బూట్ (సంతకం లేని ప్రోగ్రాంలను వెలిగేటప్పుడు అడ్డుకునే రక్షణ) ఉన్న కంప్యూటర్లలో ఇంకో మెట్టు ఉంది. డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. మళ్లీ వెలిగించగానే నీలం తెర వచ్చి ఏదో ఒక మీట నొక్కమంటుంది. పది సెకన్లు మాత్రమే ఆగుతుంది. టీ తాగి వచ్చేసరికి అది దాటిపోయి ఉంటుంది. అక్కడ "ఎన్‌రోల్ ఎంఓకే" ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ ఇవ్వకపోతే డ్రైవర్ ఎప్పటికీ ఎక్కదు. అందుకే ఆ పది సెకన్లు కంప్యూటర్ ముందే కూర్చోండి.

రెండు ఎన్విడియా కార్డులు పెట్టుకునే ఆలోచన ఉంటే ఇది గుర్తుంచుకోవాలి: ఒకేసారి ఒక శాఖ డ్రైవర్ మాత్రమే ఉంటుంది. జీటీ 710కి 470 కావాలి. కొత్త శాఖతో నడిపే జీటీఎక్స్ 1650 పక్కన దాన్ని పెట్టి, ఒక్కోదానికి ఒక్కో మానిటర్ ఇద్దామనుకుంటే పాతది పనికి రాకుండా పోతుంది. ఇంట్లో పాత కార్డు ఊరికే పడి ఉంది కదా అని ఈ ప్రయత్నం చేసేవాళ్లు చాలామంది.

కార్డు లెక్కలకు, మానిటర్లు బోర్డుకు

ఎన్విడియా కార్డు కావలసిందే, కానీ డెస్క్‌టాప్ నిలకడగా ఉండాలి అనుకునేవాళ్లకు నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటుంది. రెండు మానిటర్లనూ మదర్‌బోర్డుకే తగిలించండి. కార్డుకు ఏ కేబులూ పెట్టవద్దు. బయోస్‌లో లోపలి చిప్పును ముందుంచండి. కార్డు త్రీడీ లెక్కలకు, వీడియో రెండరింగ్‌కు మాత్రమే పిలిస్తే పలుకుతుంది. నోమ్ డెస్క్‌టాప్‌లో అప్లికేషన్ బొమ్మ మీద కుడి క్లిక్ చేసి ప్రత్యేక కార్డు మీద తెరవమని అడగవచ్చు. ఎన్విడియా డ్రైవర్ ఎప్పుడైనా చెడినా రెండు తెరలూ వెలుగుతూనే ఉంటాయి, కూర్చుని సరిచేసుకోవచ్చు. వరుసగా పెళ్లిళ్ల వీడియోలు కోసి కూర్చే స్టూడియోకు పెళ్లి ముహూర్తాల కాలంలో ఒక రోజు తెర నల్లబడితే ఎంత నష్టమో వేరే చెప్పనక్కర లేదు.

ఇందులో తగ్గేది వేగం. ఆటలో బొమ్మ కార్డులో గీసి, బోర్డు చిప్పుకు నకలు వెళుతుంది కనుక కొద్దిగా ఆలస్యం ఉంటుంది. ఆటలే ప్రధానమైతే మానిటర్లు రెండూ కార్డుకే పెట్టండి.

ల్యాప్‌టాప్ సంగతి

ల్యాప్‌టాప్‌లో తీగలను సంస్థవాళ్లే లోపల కలిపేశారు, మనం మార్చలేం. కావలిలో ఇంజనీరింగ్ చదివే ఒక అబ్బాయి బ్యాటరీ ఎక్కువసేపు రావాలని ఏ చిప్పు వాడాలో చెప్పే ప్రైమ్-సెలెక్ట్ ఆదేశంతో ఎన్విడియాను పూర్తిగా ఆపి, ఇంటెల్ మీదే నడుపుకుంటున్నాడు. మంచి పనే. కానీ ఆ రోజు నుంచి హెచ్‌డీఎంఐకి తగిలించిన మానిటర్ పలకడం మానేసింది. కేబుల్ పోయిందనుకుని మూడు కొన్నాడు. డీఆర్‌ఎం ఫోల్డర్ తెరిచి చూస్తే అతని ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ సాకెట్ ఎన్విడియా చిప్పుకే కలిపి ఉంది. చిప్పు ఆపితే సాకెట్ కూడా ఆగినట్లే. ఆటల ల్యాప్‌టాప్‌లలో ఈ అమరిక మామూలే.

అతనికి రెండు దారులు చెప్పాను. ప్రైమ్-సెలెక్ట్‌ను ఆన్-డిమాండ్‌కు (అవసరమైనప్పుడే ఎన్విడియా) మార్చుకోవడం ఒకటి. మానిటర్ వెలుగుతుంది, కానీ అది తగిలించి ఉన్నంతసేపు ఎన్విడియా చిప్పు మేల్కొనే ఉంటుంది, బ్యాటరీ త్వరగా దిగుతుంది, ల్యాప్‌టాప్ ఒళ్లు వేడెక్కుతుంది. యూఎస్‌బీ-సి సాకెట్ ద్వారా వెళ్లడం రెండోది. అతని యంత్రంలో అది ఇంటెల్ చిప్పుకు కలిసి ఉంది, బొమ్మ పంపగల రకం కూడా. చిన్న కన్వర్టర్ కొన్నాడు, ఎన్విడియా నిద్రపోతూనే ఉంది, రెండో మానిటర్ వెలిగింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండల్లో, కరెంటు లేని గదిలో, అక్కరలేని చిప్పు ఒకటి వేడి కక్కకుండా ఉండడం చిన్న లాభం కాదు. ల్యాప్‌టాప్‌వాళ్లకు నా ఓటు ఈ దారికే, యూఎస్‌బీ-సి అందుకు ఒప్పుకుంటే.

యూఎస్‌బీ డాక్

పైన చెప్పిన యూఎస్‌బీ-సి కన్వర్టర్ వేరు, డిస్‌ప్లేలింక్ చిప్పు ఉన్న డాక్ (యూఎస్‌బీకి తగిలించే సాకెట్ల పెట్టె) వేరు. చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయి. డిస్‌ప్లేలింక్‌లో బొమ్మను ప్రాసెసర్ కుదించి యూఎస్‌బీ మీదుగా పంపుతుంది. విడిగా డ్రైవర్ వేయాలి, అందులో కొంత భాగం మూసినదే, కెర్నల్ మారినప్పుడు ఆగిపోవచ్చు. మరే దారీ లేనివాళ్లకు, కదలని అక్షరాలు చూసేవాళ్లకు పరవాలేదు. వీడియోకు వద్దు.

ఎక్స్ ఆర్గ్ కావాలా, వేలాండ్ కావాలా

ఎక్స్ ఆర్గ్, వేలాండ్ అనేవి డెస్క్‌టాప్‌ను తెర మీద చూపించే రెండు పద్ధతులు, మొదటిది పాతది, రెండోది కొత్తది. కార్డు సరైనదే అయినా వీటిలో ఏ సెషన్ ఎంచుకున్నామన్నది మళ్లీ తేడా తెస్తుంది. లాగిన్ తెర మీద చిన్న గేర్ బొమ్మ నొక్కితే ఏది నడుస్తున్నదీ చాలా లినక్స్‌లలో కనిపిస్తుంది.

రెండు మానిటర్లూ ఒకే పరిమాణం, ఒకే రిజల్యూషన్ అయితే ఏదైనా సరే. ఒకటి పాత 19 అంగుళాల వీజీఏది, రెండోది కొత్త 27 అంగుళాల 4కెది అయితే తేడా తెలుస్తుంది. ఎక్స్ ఆర్గ్ రెండు తెరలనూ కలిపి ఒకే పెద్ద కాన్వాసుగా చూస్తుంది కనుక అక్షరాల పరిమాణం ఒక మానిటర్‌కు సరిపోతే ఇంకొకదానికి సరిపోదు. వేలాండ్ ఒక్కో మానిటర్‌కు వేర్వేరు పరిమాణం ఇవ్వగలదు. తెలుగులో ఒత్తులు, గుణింతాలు చిన్నగా ఉంటే కళ్లు లాగుతాయి, పేజీలు దిద్దేవాళ్లకు ఇది రోజంతా పడే బాధ. అందుకే జత కుదరని మానిటర్లు ఉన్నవాళ్లు వేలాండ్ తీసుకోండి.

ఎన్విడియాతో వేలాండ్ చాలా కాలం పేచీలు పెట్టింది. 2024లో వచ్చిన 555 శాఖ నుంచి కిటికీలు మినుకుమినుకుమనే జబ్బు బాగా తగ్గింది. అంతకన్నా పాత డ్రైవర్‌లో ఇరుక్కున్న కార్డు ఉంటే ఎక్స్ ఆర్గ్‌లోనే ఉండండి. మింట్‌లోని సినమన్ డెస్క్‌టాప్ మామూలుగా ఎక్స్ ఆర్గ్ మీదే నడుస్తుంది కనుక పాత కార్డువాళ్లకు అది నిలకడైన చోటు. ఉబుంటు 2025 అక్టోబర్ విడుదల అయితే తన నోమ్ డెస్క్‌టాప్ నుంచి ఎక్స్ ఆర్గ్ సెషన్‌నే తీసేసింది. పాత ఎన్విడియా ఉన్నవాళ్లు తొందరపడి దానికి మారవద్దు.

కార్డు మార్చాక కూడా మొరాయిస్తే

కొత్త కార్డు పెట్టారు, లేదా పాతది తీసేశారు, అయినా డెస్క్‌టాప్ రావడం లేదు. ఇలాంటప్పుడు ఎక్కువసార్లు తప్పు పాత ఫైలుది. ఎన్విడియా అమరికల ప్రోగ్రాం ఎట్‌సీ లోపలి ఎక్స్11 ఫోల్డర్‌లో ఎక్స్ ఆర్గ్ డాట్ కాన్ఫ్ అనే ఫైలు రాస్తుంది. కార్డు పోయినా ఫైలు పోదు, లేని కార్డు కోసం వెతుకుతూ డెస్క్‌టాప్ ఆగిపోతుంది. చీమకుర్తిలో నేను పక్కకు జరిపించినది ఈ ఫైలునే. చెరిపేయవద్దు, పేరు మార్చండి చాలు. నోమ్ వాడేవాళ్లు తమ హోమ్ ఫోల్డర్‌లో దాచి ఉన్న కాన్ఫిగ్ ఫోల్డర్ తెరిచి, మానిటర్స్ డాట్ ఎక్స్‌ఎంఎల్ పేరు కూడా మార్చి చూడాలి. ఒకప్పటి మానిటర్ల అమరిక అందులో మిగిలి ఉంటుంది.

నల్ల తెర ముందు కూర్చుని ఇదంతా ఎలా అంటారా? కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కండి. అక్షరాల తెర వస్తే పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి పని చేసుకోవచ్చు. అది కూడా రాకపోతే, వెలిగేటప్పుడు గ్రబ్ పట్టికలో (దేనితో వెలగాలో అడిగే పట్టికలో) రెండో వరుసలోని అదనపు ఎంపికలు తెరిచి ముందటి కెర్నల్‌తో వెళ్లండి. ఈ ఒక్క కారణానికే పాత కెర్నల్‌ను ఒకదాన్ని ఎప్పుడూ ఉంచుకోవాలి.

మన జిల్లాల నుంచి కంప్యూటర్ సామాన్ల కోసం పినాకిని రైలు ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లేవాళ్లు చాలామంది. అక్కడ రకాలు ఎక్కువ, తిరిగి ఇవ్వడం కష్టం. బయల్దేరేముందు నాలుగు సంగతులు ఫోనులో పెట్టుకోండి: కంప్యూటర్ వెనక భాగం ఫోటో, రెండు మానిటర్ల వెనక సాకెట్ల ఫోటోలు, ప్రాసెసర్ పూర్తి పేరు చివరి అక్షరంతో సహా, ఎస్‌ఎమ్‌పీఎస్ మీద రాసి ఉన్న వాట్లు. దుకాణంలో లినక్స్ అనగానే "అన్నీ పని చేస్తాయి" అంటే నమ్మేయవద్దు. కార్డు పెట్టె మీద చిప్పు పేరు చదివి, అది ఏ తరమో అక్కడే నిలబడి చూసుకోండి. వీలైతే లైవ్ పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకుని వెళ్లి, వాళ్ల కంప్యూటర్‌లోనే కార్డు బిగించి రెండు మానిటర్లూ వెలిగించి చూపించమని అడగండి.